మామగారి డబుల్ బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో ఎలా చూడాలి?

హొరమావు_వాసు | శుక్రవారం రాత్రి
అందరికీ నమస్తే. బెంగళూరులో గన్ లైసెన్స్ ఉన్నవాళ్ళు, ఫౌజులో చేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా. మా మామగారు రిటైర్డ్ సుబేదార్. ఆయన పేరు మీద 12 బోర్ డీబీబీఎల్ (రెండు గొట్టాల తుపాకీ) ఒకటి ఉంది. ఈమధ్య పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి లేవట్లేదు. లైసెన్స్ రెన్యువల్ వచ్చే నెల. తుపాకీ బీరువాలో, గుడ్డ సంచిలో ఉంది. "ఖాళీదే, భయం లేదు" అంటున్నారు. ఆఖరిసారి ఎప్పుడు తీశారంటే మాత్రం ఒకసారి దసరాకి అంటారు, ఇంకోసారి ఎలక్షన్లప్పుడు అంటారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. మాది నాలుగో అంతస్తు. నేను జన్మలో తుపాకీ పట్టుకోలేదు. లోడ్ అయి ఉందో లేదో నేనే చూడొచ్చా? చూస్తే ఎలా చూడాలి?

నిద్రలేని_టెకీ | శుక్రవారం రాత్రి
సింపుల్ బ్రో. బాల్కనీలోకి తీసుకెళ్ళి ఆకాశం వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. టక్ మంటే ఖాళీ. లేదంటే చేత్తో ఎత్తి చూడండి, లోడ్ ఉంటే బరువులో తేడా తెలుస్తుంది.

మోడరేటర్ | శుక్రవారం రాత్రి
పై సలహా ఎవరూ పాటించకండి. కింద వచ్చే జవాబులు అర్థం కావాలని మాత్రమే తీసెయ్యకుండా ఉంచుతున్నాను.

ఒంగోలు_హవల్దార్ | శుక్రవారం రాత్రి
టెకీ బాబూ, ట్రిగ్గర్ నొక్కితే దాన్ని కాల్చడం అంటారు. తూటా ఉందని ఢాం అన్నాక తెలుసుకుని ఏం చేస్తావు? ఆకాశంలోకి పోయింది ఆకాశంలో ఉండిపోదు, హొరమావులో ఎవరి నెత్తినో పడుతుంది. ఇక బరువు. 12 బోర్ తూటా నలభై యాభై గ్రాములుంటుంది, తుపాకీ మూడు కిలోలు. కూరగాయల కాటాకైనా తెలుస్తుందేమో గానీ చేతికి తెలియదు.

వాసు గారూ, మీకు. ముందు బీరువాకి తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. పిల్లల టెన్షన్ సగం అక్కడే తీరుతుంది. రెన్యువల్ వచ్చే నెల అంటున్నారు కాబట్టి ఈ రాత్రికి రాత్రి కొంపలేం మునగవు. ఆ తుపాకీ తెరవడం తెలిసినవాళ్ళు వచ్చేదాకా సంచి విప్పకండి. తెలియని ఆయుధాన్ని "ఒకసారి చూద్దాం" అని తీసినప్పుడే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి.

మీ మామగారు సుబేదార్ సాబ్ కాబట్టి ఆయన మాట మీద నాకు గౌరవమే. కానీ ఆయన్నే అడగండి, సర్వీసులో ఒక జవాను "ఖాలీ హై సాబ్" అని రైఫిల్ అందిస్తే తెరిచి చూడకుండా తీసుకున్నారా అని. ఇచ్చేవాడు తెరిచి చూపిస్తాడు, తీసుకునేవాడు మళ్ళీ తెరిచి చూస్తాడు. అవతలివాడి మీద అనుమానం ఉందని కాదు, పద్ధతే అంత. ఎన్‌సీసీ చేసినవాళ్ళకి "నిరీక్షణ్ కే లియే జాంచ్ శస్త్ర్" (తనిఖీకి ఆయుధం చూపించు) అన్న కాషన్, అంటే పరేడ్ ఆజ్ఞ, గుర్తుండే ఉంటుంది. పరేడ్‌లో అదేదో విన్యాసంలా కనిపిస్తుంది గానీ దాని పని చాంబర్ (తూటా కూర్చునే గది) చూపించడమే.

హొరమావు_వాసు | శుక్రవారం రాత్రి
థాంక్యూ సార్. తాళం వేసేశా. తెలిసినవాళ్ళు వచ్చి చూసేటప్పుడు ఏం చేస్తారో నాకు తెలియాలి కదా, పక్కన నిలబడి చూడటానికైనా. అది కొంచెం చెప్పండి.

ఒంగోలు_హవల్దార్ | శనివారం ఉదయం
చెప్తాను. డీబీబీఎల్ అన్నిటికంటే సులువు, దాచడానికి దానిలో ఏం లేదు.

మూతి ఎటు ఉందన్నది మొదటి సంగతి. సంచిలోంచి తీసేటప్పుడు కూడా మూతి మనిషి వైపు తిరగకూడదు. వేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట, పక్కనున్న కొయ్యకి ఆనించి ఉండాలి. వెనక వైపు పైన ఒక లీవర్ ఉంటుంది. దాన్ని బొటనవేలితో కుడికి నెడితే గొట్టాలు లాక్ వదిలి ముందుకు వంగుతాయి. రెండు చాంబర్లూ ఎదురుగా కనిపిస్తాయి. ఇత్తడి అంచు కనిపించిందా, తూటా ఉన్నట్టే. కనిపించకపోయినా అక్కడితో ఆగకూడదు. చిటికెన వేలు ఒక్కో చాంబర్‌లో పెట్టి తడమాలి. వేలికి గుండ్రటి ఖాళీ తగలాలి. తర్వాత వెనక నుంచి చూస్తే ఆ చివర వెలుతురు కనపడాలి. గుడ్డ ముక్కో కందిరీగ గూడో అడ్డం ఉంటే అదీ కనిపిస్తుంది. మూతి వైపు నుంచి తొంగి చూడటం మాత్రం సినిమాల్లోనే.

పాత మోడల్ అయితే బయట రెండు హ్యామర్లు కనిపిస్తాయి. అవి వెనక్కి లాగి ఉంటే దాని జోలికి పోవద్దు, వచ్చే పెద్దమనిషికి ముందే చెప్పండి.

ఇంకో మాట. ఒకసారి చూసి, తల తిప్పుకుని, మళ్ళీ చూడాలి. ఖాళీగా ఉంటుందని ముందే అనుకున్నవాడి కంటికి మొదటిసారి ఖాళీగానే కనిపిస్తుంది.

చిక్‌పేట_శెట్టి | శనివారం ఉదయం
సార్, మూతి సురక్షితమైన వైపు అంటారు. అపార్ట్‌మెంటులో సురక్షితమైన వైపు ఏది? పైన ఒకళ్ళు, కింద ఒకళ్ళు, పక్కన ఒకళ్ళు.

ఒంగోలు_హవల్దార్ | శనివారం ఉదయం
మంచి ప్రశ్న శెట్టి గారూ. నిజం చెప్పాలంటే ఫ్లాటులో అలాంటి వైపు దాదాపు లేదు. ఇప్పుడు కట్టే నాలుగంగుళాల బ్లాకు గోడని నమ్ముకోకూడదు. గచ్చు మీద పేలితే పెల్లెట్లు (తూటాలోని చిన్న గుళ్ళు) ఎగిరి తిరిగి వస్తాయి. మా దగ్గర గార్డు డ్యూటీ దిగినప్పుడు ఇసుక బస్తాల ముందు నిలబెట్టి ఖాళీ చేయించేవాళ్ళు. పోలీస్ స్టేషన్లలో కొన్నిచోట్ల ఇసుక నింపిన డ్రమ్ము ఉంటుంది. అందుకే ఇంట్లో కంటే కింద మట్టి నేల ఉన్న చోట, మనుషుల్ని పక్కకి పంపి, మూతి నేలకేసి చూడటం మేలు. అసలు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో తెరిస్తే ఇంకా మేలు.

అనంత_అడ్వొకేట్ | శనివారం మధ్యాహ్నం
చట్టం వైపు నుంచి నాలుగు ముక్కలు. వాసు గారూ, లైసెన్స్ మీ మామగారి పేరు మీద ఉంది, మీ పేరు మీద లేదు. ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 3 కింద ఒక వెసులుబాటు ఉంది. లైసెన్స్‌దారు సమక్షంలో గానీ, ఆయన రాసిచ్చిన అనుమతితో గానీ, రిపేరుకో లైసెన్స్ రెన్యువల్‌కో తుపాకీని ఇంకొకరు తీసుకెళ్ళొచ్చు. ఆయనతో ఒక కాగితం రాయించుకోండి. చెయ్యి లేవట్లేదు అంటున్నారు కాబట్టి సంతకం సంగతి ముందే స్టేషన్‌లో అడిగి, వాళ్ళు ఎలా చెబితే అలా చెయ్యండి. బెంగళూరు సిటీలో లైసెన్సింగ్ అధికారం పోలీస్ కమిషనర్‌ది, బయటి జిల్లాల్లో జిల్లా మెజిస్ట్రేట్‌ది.

ఆయన ఇక వాడే పరిస్థితి లేదనుకుంటే స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చెయ్యడం మంచిది. లైసెన్స్‌దారు చనిపోయాక వారసులు ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం నేరం కిందికి వస్తుంది. ఎందుకు చెప్తున్నానంటే మా సీమలో ఇది మామూలు. తాత పోతాడు, తుపాకీ అటక మీద ఉండిపోతుంది, లోపల ఏముందో ఎవరికీ తెలియదు, పండక్కి ఊరొచ్చిన మనవడు దించి ఫొటో దిగుతాడు. సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చెయ్యకుండా డిపాజిట్ చెయ్యాలి. వారసులకు కావాలంటే తర్వాత వాళ్ళ పేరు మీద లైసెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు.

నిద్రలేని_టెకీ | శనివారం మధ్యాహ్నం
సరే సరే, నా పోస్టు వాపసు. కానీ లాయర్ గారూ, ఆకాశంలోకి కాల్చినా కేసు అవుతుందా? మా ఊరి పెళ్ళిళ్ళలో కాలుస్తారే!

అనంత_అడ్వొకేట్ | శనివారం మధ్యాహ్నం
2019 సవరణలో అదే పెట్టారు. సంబరాల కాల్పులతో ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించింది, లైసెన్స్ గడువుని మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెంచింది కూడా ఆ సవరణే.

కొడగు_కోడలు | శనివారం సాయంత్రం
నేను నెల్లూరు అమ్మాయిని, కొడగు కుటుంబంలోకి వచ్చాను, ఉండేది జేపీ నగర్. మా అత్తగారింట్లో తుపాకీ అంటే దేవుడి గదిలో వస్తువే. కొడవలకు, అంటే కొడగు వాళ్ళకి, ఆయుధాల చట్టంలో లైసెన్స్ మినహాయింపు ఉంది, బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి వస్తోంది. 2019లో మళ్ళీ పదేళ్ళకి, అంటే 2029 దాకా పొడిగించారు. సెప్టెంబరులో కైల్‌పోదు అని ఆయుధాల పండగ. తుపాకుల మూతిలో తోక్‌పూ అనే పువ్వు పెట్టి పూజ చేస్తారు. తర్వాత కొబ్బరికాయని తుపాకీతో కొట్టే పోటీలు. పుత్తరికి (వరికోతల పండగ) మొదటి వరి వెన్ను కోసేటప్పుడు కూడా తుపాకీ పేలుస్తారు.

ఇంత మాలిమి ఉన్న ఇంట్లో తుపాకీని చనువుగా పట్టుకుంటారని మీరు అనుకుంటారు. పూర్తిగా వేరు. పూజకి పెట్టే ముందు మా మావయ్య ప్రతి తుపాకీనీ పెరట్లో తెరుస్తారు, పక్కన ఇంకో మగమనిషో మా అత్తగారో వేలు పెట్టి చూడాలి. ఇద్దరూ చూశాకే పువ్వు. మా అత్తగారు డబుల్ బ్యారెల్‌ని ఎవరికి ఇచ్చినా వంచి, తెరిచే ఇస్తారు, మూసి ఇచ్చింది నేను చూడలేదు. తెరిచి ఉన్న తుపాకీ పేలదు, ఎదుటివాడికి అడగకుండానే కనిపిస్తుంది. పూజ రోజు పిల్లలు ముట్టుకోవాలని ఏడుస్తారు. ముట్టుకోనిస్తారు, కానీ ముందు "లోపల ఏముంది చెప్పు" అని చూపిస్తారు.

హొరమావు_వాసు | మంగళవారం రాత్రి
అప్‌డేట్. మామగారితో పాటు రెజిమెంట్‌లో చేసిన ఒకాయన యలహంకలో ఉంటారు, ఆయనకీ సొంత లైసెన్స్ ఉంది. స్టేషన్‌లో అడిగి, వాళ్ళు చెప్పిన ప్రకారం అనుమతి కాగితం రాయించి, ఆయన్ని పిలిచాం. మా బ్లాకు వెనక మట్టి స్థలం ఉంది, అక్కడికి తీసుకెళ్ళి తెరిచారు. హవల్దార్ గారు చెప్పినట్టే లీవరు, వేలు, అన్నీ. కుడి చాంబర్ ఖాళీ. ఎడమ దాంట్లో ఇత్తడి అంచు కనిపించింది! నాకు కాళ్ళల్లో వణుకు. ఆయన లాగబోతే రాలేదు. టార్చి వేసి చూసి "చల్ చుకా హై" అన్నారు, కాల్చేసిన ఖాళీ కేసు (తూటా తొడుగు) అట, ఉబ్బి ఇరుక్కుపోయిందట. స్క్రూడ్రైవర్ తేనా అంటే నా వైపు ఒక చూపు చూశారు. గొట్టాలు విడదీసి, డీలర్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ తీశారు. బీరువా కింద అరలో ఒక కోటు జేబులో బతికున్న, అంటే కాల్చని, తూటాలు కూడా దొరికాయి, లైసెన్స్ పుస్తకంలో రాసిన లెక్కలోవే. తుపాకీని అక్కడే డిపాజిట్ చేశాం. మామగారికి కొంచెం కోపంగా ఉంది. "ఖాళీ అని చెప్పానా లేదా" అంటున్నారు.

చిక్‌పేట_శెట్టి | మంగళవారం రాత్రి
ఒక రకంగా ఆయన చెప్పింది నిజమే కదా! కాల్చేసిన కేసు ఉంటే లోడ్ అంటామా, ఖాళీ అంటామా?

ఒంగోలు_హవల్దార్ | బుధవారం ఉదయం
కేసు అడుగున మధ్యలో గుండ్రంగా ఉండేది క్యాపు. దాని మీద పిన్ను కొట్టిన గుంట ఉంటే కాల్చినట్టు. కానీ గుంట పడి కూడా పేలని తూటాలు ఉంటాయి, ముఖ్యంగా ఏళ్ళ తరబడి బీరువాలో చెమ్మ పట్టినవి. కాబట్టి బయటికి తీసి చేతిలో పెట్టి చూసేదాకా దాన్ని లోడ్ కిందే లెక్క. సుబేదార్ సాబ్ దగ్గర ఈ లెక్క ఎత్తకండి, పాపం ఆయనకి బీపీ పెరుగుతుంది.

స్క్రూడ్రైవర్ వద్దన్న పెద్దాయనకి సెల్యూట్. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చి తోసేవాళ్ళు కూడా ఉంటారు. చెయ్యి మూతి ఎదురుగా, అవతల తూటా క్యాపు. అంతకంటే తెలివితక్కువ పని ఉండదు.

చిక్‌పేట_శెట్టి | బుధవారం ఉదయం
ఇప్పుడు నా సంగతి. మా షాపు ఓనరుకి .32 పిస్టల్ ఉంది, అశని అనే మోడల్. కొత్తగా తీసుకున్నారు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు మ్యాగజైన్ (తూటాలుండే డబ్బీ) తీసి జేబులో వేసుకుని, పిస్టల్ బ్యాగులో పడేసి "ఇప్పుడు ఇది బొమ్మ" అంటారు. కరెక్టేనా?

ఒంగోలు_హవల్దార్ | బుధవారం మధ్యాహ్నం
కాదు. పిస్టల్‌తో ప్రమాదాలు జరిగే దారుల్లో ఇది మొదటిది. మ్యాగజైన్ తీసినా అప్పటికే చాంబర్‌లోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. ఆ ఒక్కటి చాలు.

దీనికి వరస ముఖ్యం. ముందు మ్యాగజైన్ బయటికి. తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) పూర్తిగా వెనక్కి లాగాలి, చాంబర్‌లో ఉన్నది ఎగిరి కింద పడుతుంది. దాన్ని గాల్లో పట్టుకోవాలని చూడొద్దు, పడనివ్వాలి. స్లైడ్‌ని వెనకే నిలిపి చాంబర్‌లోకి చూడాలి, చిటికెన వేలితో తడమాలి, మ్యాగజైన్ దూరే గాడిలోకీ చూడాలి. ఇదే వరస తిరగబడితే? మ్యాగజైన్ ఉండగా స్లైడ్ లాగితే పాత తూటా బయట పడుతుంది, వదలగానే కింద నుంచి కొత్తది ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తారు. నేల మీద తూటా కనిపిస్తోంది, చేతిలో మ్యాగజైన్ ఉంది, మనసు "ఖాళీ" అంటుంది. చాంబర్ మాత్రం నిండుగా ఉంటుంది. మేం పని చేసిన చోట ఒక కుర్రాడు సరిగ్గా ఇలాగే చేశాడు, ఎదురుగా ఇసుక బస్తాలు ఉన్నాయి కాబట్టి అందరం నవ్వుకున్నాం.

ఊరికే లాగి వదిలితే సరిపోదు, చూడటం ఎందుకంటే, తూటా అంచుని పట్టి లాగే కొక్కెం అరిగిపోయి ఉంటే స్లైడ్ వస్తుంది, తూటా రాదు.

పాయింట్22_నాన్న | బుధవారం సాయంత్రం
రివాల్వర్ అయితే ఇంత గొడవ లేదు. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ మధ్యలో వంగి తెరుచుకుంటుంది, ఆరు గదులూ ఒకేసారి కనిపిస్తాయి, తెరిచినప్పుడు తూటాలు పైకి లేస్తాయి కూడా. అయినా ఆరూ లెక్కపెట్టాలి. ఒకటి జారి మళ్ళీ కిందికి కూర్చుని ఉండొచ్చు.

మారతహళ్ళి_మాధవి | బుధవారం సాయంత్రం
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా ఆఫీసు కింద ఏటీఎంలో డబ్బులు పెట్టడానికి వ్యాన్ వస్తుంది. దాంతో వచ్చే గార్డు తుపాకీ మూతిని తన బూటు మీద ఆనించి, పిడి మీద గడ్డం పెట్టుకుని నిలబడతాడు. ఇంకో రోజు భుజానికి అడ్డంగా వేసుకుని లిఫ్టులో అందరి మోకాళ్ళ వైపు మూతి. అడిగితే "ఖాలీ ఇదె మేడం" అంటాడు. ఇప్పుడీ థ్రెడ్ చదివాక ఆ లిఫ్టు ఎక్కబుద్ధి కావట్లేదు.

ఒంగోలు_హవల్దార్ | బుధవారం రాత్రి
అమ్మా, మీరు మెట్లెక్కండి. తమాషా కాదు. వాళ్ళలో కొందరి దగ్గర పంప్ యాక్షన్ ఉంటుంది. దానికి గొట్టం కింద ఇంకో గొట్టం, అందులో వరసగా తూటాలు. చాంబర్ చూసి ఖాళీ అనుకుంటే సరిపోదు, కింది గొట్టంలోకీ చూడాలి. పంపు ఒక్కసారి ఆడిస్తే పైకి ఎక్కేది అక్కడి నుంచే. అతనికి ఎవరూ నేర్పి ఉండరు, జీతం తక్కువ, డ్యూటీ ఎక్కువ. అతన్ని కసురుకోకుండా మీ ఫెసిలిటీ వాళ్ళ ద్వారా ఆ ఏజెన్సీకి రాయించండి.

సెట్‌బాయ్_శీను | బుధవారం రాత్రి
"ఖాళీ" అన్న మాట సంగతి వస్తే మా ఫీల్డ్‌లో ఒకటి చెప్పుకుంటారు. 2021 అక్టోబరులో అమెరికాలో, న్యూ మెక్సికోలో ఒక సినిమా షూటింగు. రిహార్సల్‌లో తుపాకీ అందిస్తూ "కోల్డ్ గన్", అంటే ఖాళీ తుపాకీ, అని గట్టిగా అరిచారు. లోపల నిజం తూటా ఉంది. కెమెరా చేస్తున్న ఆవిడ చనిపోయింది. చెన్నైలో, ఇక్కడ నేను చేసిన సెట్లలో ఎక్కువగా ఫైబర్ డమ్మీలే, కానీ నిజం గన్ను వస్తే తెచ్చినతను అందరి ముందూ తెరిచి చూపించాలని ఇప్పుడు అడుగుతున్నాం. కొందరు హీరోలు విసుక్కుంటారు. పర్లేదు.

మారతహళ్ళి_మాధవి | గురువారం ఉదయం
ఇంకో డౌట్, ఇది మా ఇంటిదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌ని చూసి మా అబ్బాయి ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాడు. కోచ్ నారింజ రంగు తీగ ఒకటి ఇచ్చి ఎప్పుడూ దూర్చి ఉంచమన్నారు. వీడు పోగొట్టుకున్నాడు. గాలి తుపాకీకి కూడా ఇదంతా అవసరమా?

పాయింట్22_నాన్న | గురువారం మధ్యాహ్నం
అవసరమే మాధవి గారూ. మా అమ్మాయి నాలుగేళ్ళుగా షూటింగ్‌లో ఉంది. 20 జౌల్స్‌కి మించని శక్తి, 0.177 అంగుళాలకి మించని బోర్ ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అంతమాత్రాన ఆటబొమ్మ కాదు, ఆ పెల్లెట్ కంటికి తగిలితే కన్ను పోతుంది. ఆ తీగని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. గొట్టం ఈ చివర నుంచి ఆ చివరికి పోతుంది. రెండు చివర్లా రంగు కనిపించిందంటే లోపల పెల్లెట్ లేదని రేంజ్‌లో ఎవరైనా దూరం నుంచే చూసి చెప్పగలరు. పోటీల్లో అది లేకుండా పిస్టల్ కింద పెడితే ఊరుకోరు. కొత్తది కొనేదాకా మందపాటి నైలాన్ తీగ ముక్క, మెరిసే రంగుది, కోచ్‌కి చూపించి వాడుకోవచ్చు.

ఇంట్లో ప్రాక్టీసు చేస్తాడు కదా, ట్రిగ్గర్ మాత్రమే నొక్కుతూ? ఆ గదిలో పెల్లెట్ల డబ్బా ఉండకూడదు. గోడ అవతల ఎవరూ పడుకోకూడదు. ప్రాక్టీసు అయిపోయిందంటే అయిపోయినట్టే, "ఇంకొక్కటి" అని మళ్ళీ తీయనివ్వొద్దు.

మారతహళ్ళి_మాధవి | గురువారం మధ్యాహ్నం
పెల్లెట్ పొరపాటున ఎక్కించేస్తే వెనక్కి తీయడం ఎలా మరి?

పాయింట్22_నాన్న | గురువారం సాయంత్రం
వెనక్కి రాదు, సీసం కదా, గొట్టంలో బిగుసుకుంటుంది. రేంజ్‌లో అయితే చెయ్యెత్తి కోచ్‌కి చెప్పి టార్గెట్ మీదికే కాల్చేస్తారు. ఇంట్లో జరిగితే అలాగే వదిలి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కోచ్‌కి ఫోన్ చెయ్యండి.

నిద్రలేని_టెకీ | గురువారం సాయంత్రం
ఈసారి బుద్ధిగానే అడుగుతున్నా. గాలి సిలిండర్ విప్పేస్తే చాలదా? గాలి లేకపోతే ఎలా పేలుతుంది?

పాయింట్22_నాన్న | గురువారం రాత్రి
సిలిండర్ విప్పినా లోపల రెగ్యులేటర్‌లో (గాలి ఒత్తిడిని అదుపు చేసే భాగం) కొంచెం గాలి మిగిలి ఉంటుంది, ఒకటో రెండో షాట్లకి సరిపోయేంత. సిలిండర్ విప్పాక కూడా గొట్టం ఖాళీ అని చూసి, టార్గెట్ పెట్టె వైపు పెట్టి, గాలి చప్పుడు ఆగిపోయేదాకా నొక్కించి, అప్పుడు ఫ్లాగ్ దూర్చి పెట్టెలో పెట్టిస్తారు మా కోచ్.